దస్తర్‌ఖాన్ దగ్గర లెక్కల పాఠం

“మేం చదువుకోలేదు, పిల్లలకేం నేర్పగలం?” అంటూ మన తల్లులు ఎందరో ట్యూషన్లపైనే భారం వేస్తున్నారు. బద్ర్ యుద్ధం (హిజ్రీ 2) తర్వాత, పరిహారం చెల్లించలేని ఖైదీల్లో కొందరికి అన్సార్ల పిల్లలకు రాత నేర్పడాన్నే విడుదల పరిహారంగా నిర్ణయించారు దైవప్రవక్త (స). అలాంటి ఉమ్మత్‌లోని తల్లి చేతులెత్తేస్తే ఎలా?

సోదరీమణులారా! ఫర్జ్ రకాతులు ఫజ్ర్ 2, జుహ్ర్ 4, అస్ర్ 4, మగ్రిబ్ 3, ఇషా 4. కూడితే 17. ఇది లెక్క కాదా? నమాజు తర్వాత పిల్లవాడి వేలి కణుపులు పట్టుకొని తస్బీహ్ లెక్కింపజేద్దాం: సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. మొత్తం 100.

దస్తర్‌ఖాన్ పరిచాక, “ఐదుగురం ఉన్నాం, పళ్ళేలు మూడే. ఇంకెన్ని కావాలి?” అని అడుగుదాం. తొందరపడి జవాబు మనమే చెప్పేస్తుంటాం, అదే చిక్కు. తప్పు చెప్పినా కసరకుండా, ఒక్కో పళ్ళెం ముట్టుకొని మళ్ళీ లెక్కపెట్టనిద్దాం. అంతదాకా అన్నం కాస్త ఆగినా ఫరవాలేదు.