వంట వంతు కాయకము కాదా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల నుండి హనుమకొండకు చదువులకై వచ్చిన విద్యార్థులు పలువురు గదులు అద్దెకు తీసుకొని, వంతులవారీగా వండుకొనుచున్నారు. అట్టి ఒక గదిలో ఒక పిల్లవాడు ఖర్చులో తాను ఎక్కువ వాటా ఇచ్చెదననియు, తన వంతు వంట తక్కినవారే చేయవలెననియు కోరినాడట. వారును సమ్మతించిరి. ఇందులో తప్పేమున్నది?

కల్యాణములో బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్యకు కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ మెచ్చుకొనలేదు. ఆ బియ్యమును తీసికొన్నచోటనే పోసి రమ్మన్నది. ఎక్కువ తెచ్చినంత మాత్రమున కాయకము ఎక్కువ కాదని ఆ ఇల్లాలికి తెలియును.

జ్వరము వచ్చిననాడో, పరీక్షనాడో ఒకని వంతు మరియొకడు వండినచో అది దాసోహము. అందులో బేరము లేదు. రూకలిచ్చి వంతు తప్పించుకొన్నచో, ప్రక్కన కూర్చుండి తినవలసిన స్నేహితుడు పనివాడగును. (కూలికి వండుట హీనమని నా భావము కాదు, వంటవాని వృత్తియు కాయకమే.)

ఆ పిల్లవాని గర్వమే దీనికి కారణమని నేను మొదట తలచితిని. తరువాత విచారింపగా, సోలెడు బియ్యమునకు ఎసరెంత పెట్టవలెనో అతనికి తెలియదట. ఆ మాట చెప్పుటకు సిగ్గుపడి డబ్బు ప్రస్తావన తెచ్చినాడు. ఇంటిలో పదునెనిమిది ఏండ్లు పెరిగినను, పొయ్యి దగ్గరకు రమ్మని అతనిని ఎవరును పిలువలేదు.