తొట్టిలో చేపకు మనం బాకీ



పిల్లల పుట్టినరోజుకో, గృహప్రవేశానికో రంగు చేపలు కొని తేవడం మన కుటుంబాల్లో మామూలైంది. ఒక గుండ్రని గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్, ఒక మేత డబ్బా. వారం తిరగకముందే ఒక చేప చచ్చి పైకి తేలుతుంది. ఏడుస్తున్న బిడ్డను ఊరడించడానికి, "పోనీలే నాన్నా, ఇంకోటి కొందాం" అంటాం. ఆ మాట దగ్గర కాస్త ఆగుదాం. పోయిన ప్రాణానికి బదులు డబ్బిచ్చి మరొకటి తెచ్చుకోవచ్చునన్న పాఠాన్ని ఆ పూట మనకు తెలియకుండానే నేర్పుతున్నాం.

"చేపల పులుసు తినే మనకు తొట్టిలో చేప గురించి ఇంత విచారం దేనికి ఫాదర్ గారూ?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆహారానికి చేపను పట్టడం తప్పు కాదు. అయితే ఇక్కడ తేడా ఒకటుంది. చెరువులోని చేప ఎండ ముదిరితే లోతుకు పోతుంది, భయం వేస్తే నాచులో దాక్కుంటుంది. తొట్టిలోని చేపకు ఆ దారులన్నీ మనమే మూసివేశాం. దాని నీరు, గాలి, తిండి, తోడు అన్నీ మన చేతుల్లోకి తీసుకున్నాం. ఒక ప్రాణిని మనపై ఆధారపడేలా చేసిన క్షణం నుంచి మనం దానికి బాకీపడ్డాం. కతోలిక శ్రీసభ సత్యోపదేశం (1992) కూడా జంతువులను నిష్కారణంగా బాధించడం మానవ గౌరవానికే విరుద్ధమని బోధిస్తున్నది.

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ లెస్బోస్ ద్వీపంలో జలచరాలను స్వయంగా పరిశీలించాడు. ప్రతి ప్రాణికీ దాని స్వభావానికి తగిన బ్రతుకు ఒకటుందన్నది ఆయన తత్వం. కనుక దుకాణంలో "ఏది అందంగా ఉంది?" అని అడిగే ముందు, "ఇది ఎలా బ్రతకడానికి పుట్టింది?" అని అడగాలి.

గోల్డ్ ఫిష్ జానెడు పెరుగుతుంది, బాగా చూసుకుంటే 10 ఏళ్లకు పైగా బ్రతుకుతుంది, నీటిని త్వరగా పాడుచేస్తుంది. గిన్నె దానికి ఇల్లు కాదు. ఫైటర్ మగచేపలు రెండింటిని కలిపితే పోట్లాడుకుంటాయి. ఒక్కటే ఉంటే హాయిగా ఉంటుంది. మన దేశపు వాగుల్లోనూ పెరిగే జీబ్రా చేపలు గుంపు జీవులు. కనీసం 6 ఉండాలి. గప్పీలు తట్టుకునే రకమే కాని ఆడ, మగ కలిపి పెంచితే కొన్ని నెలల్లోనే పదులకొద్దీ పిల్లలవుతాయి. దుకాణంలో వేలెడు ఉండే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు దాన్ని కాలువలో వదిలేసేవారున్నారు. అలా చేరిన చేపలే ఈనాడు మన నదుల్లో, చెరువుల్లో పెరిగి, మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. మన సరదా బాకీని వాళ్లు తీర్చాలా?

ఇక తొట్టి సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. అంటే 50 కిలోల బరువు. బల్ల గట్టిగా ఉండాలి. నేరుగా ఎండ తగలకూడదు. కుళాయి నీటిలో క్లోరిన్ పోవడానికి మందు చుక్కలు వేయాలి. ఫిల్టరు రాత్రింబవళ్లు నడవాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఓపిక. చేపల మలం నుంచి అమోనియా పుడుతుంది. నీరు తేటగా కనిపించినా అది విషమే. దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడాలి. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే అందుకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైటు రెండూ లేవని పరీక్షలో తేలాకే చేపలు తేవాలి, అదీ కొద్దికొద్దిగా. ఆ తర్వాత వారానికొకసారి పావు వంతు నీరు మార్చాలి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయాలి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

"చేపలేవి?" అని పిల్లలు రోజూ అడుగుతారు. "వాటికి ఇల్లు సిద్ధం చేస్తున్నాం" అని చెప్పండి. ఆదికాండము మొదటి అధ్యాయం తెరిచి చూపించండి. దేవుడు 3వ రోజున నీటిని ఒకచోట చేర్చాడు. 5వ రోజున గాని చేపలను చేయలేదు. బైబిలులో మొట్టమొదటి ఆశీర్వాదం పొందినవి జలచరాలు, పక్షులే. వాటిపై మనిషికి ఏలుబడి ఇచ్చినది ఆ తర్వాతే. ముందే ఆశీర్వదింపబడినదాన్ని మన చేతికి అప్పగించాడన్నమాట.

చేప చస్తే ఇంటి కీడు దానితో పోతుందని కొందరు నమ్ముతారు. మన భయానికి ఒక మూగప్రాణిని బలిపెట్టే ఆ నమ్మకం విశ్వాసుల ఇంట ఉండరాదు.

ఈ వారం పిల్లలను దుకాణానికి తీసుకెళ్లండి. ఏమీ కొనకుండా మూడు ప్రశ్నలు అడిగించండి: ఇది ఎంత పెరుగుతుంది? ఎన్నేళ్లు బ్రతుకుతుంది? ఎన్నింటి తోడు కావాలి? జవాబులు విన్నాక "ఇది మనవల్ల కాదు" అని వారే అంటే, సంతోషించండి. చేప కొనకపోయినా వారు నేర్చుకోవలసినది నేర్చుకున్నారు.