ఆపి రాయించు నాయనా

నాయనా,

పెనుకొండలో ఉంటూనే తెలుగులో పైథాన్ కోడింగ్ పాఠాలు వీడియోలుగా చేస్తున్నావని విని చాలా సంతోషించాను. ఈ చదువు కోసం మన బిడ్డలు అమీర్‌పేటకో బెంగళూరుకో పోయి, ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చూ భరించాల్సి వచ్చేది. ఇప్పుడు నీ పాఠం వాళ్ల ఇంటికే వస్తోంది. ఆ అభిమానంతోనే పెద్దవాడిగా ఒక మాట చెబుతాను, మనసులో పెట్టుకో.

నువ్వు చకచకా టైపు చేస్తూ పోతుంటే చూసేవాళ్లకు అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ముగించి ఖాళీ తెర ముందు కూర్చుంటే మొదటి లైనుకే చెయ్యాడదు. అందుకని పాఠంలో నువ్వు రాసిన దానికన్నా వాళ్లచేత రాయించినదే ఎక్కువుండాలి.

ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఒకసారి చూడు. తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కొక్కటీ సుమారు పది నిమిషాలు. ఒక పక్క వీడియో, మరో పక్క ప్రోగ్రాం పెట్టుకుని, చూసింది చూసినట్టు అప్పటికప్పుడే చేసుకుంటూ పోవాలి. రికార్డు చేయకముందే స్క్రిప్టును ఆ విషయం తెలియని కొత్తవారి చేత చదివించి సరిచూస్తారు. మాట తెలుగులో సాగినా తెర మీది ఇంగ్లీషును మార్చరు, రేపు ఉద్యోగంలో ఎదురయ్యేది అదే గనక. నువ్వూ లూప్, ఫంక్షన్ అన్న పేర్లను అలాగే ఉంచు. అవి చేసే పనిని మాత్రం మన మాటల్లో విప్పి చెప్పు.

గంట పాఠం పెట్టొద్దు. ఫిలిప్ గువో అనే పరిశోధకుడు, ఆయన తోటివారు ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు బాగా చూస్తున్నారని 2014లో తేల్చారు. పాఠాన్ని ముక్కలు చెయ్యి. ప్రతి ముక్క చివర "ఇక్కడ ఆపి, ఇది మీరే రాయండి" అని చిన్న పని ఇవ్వు. జవాబు తరువాతి వీడియోలో చెప్పు.

ల్యాప్‌టాప్ లేని బిడ్డలను మరిచిపోవద్దు. చిన్న తెర మీద కూడా కనపడేలా అక్షరాలు పెద్దవి చెయ్యి. ఫోను కీబోర్డు లైను మొదట్లో తనంతట తానే పెద్ద అక్షరం వేస్తుంది. ప్రింట్ అన్న మాటలో మొదటి అక్షరం పెద్దదైతే చాలు, పైథాన్ నేమ్‌ఎర్రర్ చూపిస్తుంది. సంగతి తెలియని పిల్ల తనకు ఈ చదువు రాదేమోనని బెదిరిపోతుంది. అందుకే నీ వీడియోలో వచ్చిన తప్పులను కత్తిరించి పారేయకు. ఎర్రర్ రానివ్వు, అందులో చివరి లైను చదివి వినిపించు, ఎలా సరిదిద్దాలో చేసి చూపించు. అది చూసిన బిడ్డకు తప్పంటే భయం పోతుంది.

లెక్కలు మన చుట్టూ ఉన్నవే ఇవ్వు. హిందూపురం మార్కెట్లో చింతపండు క్వింటాలు ధర తీసుకుని, ఇన్ని కిలోలకు ఎంతవుతుందో రాయించు. లూప్ చెప్పేటప్పుడు ధర్మవరం చీర అంచును తెర మీదికి తీసుకురా. అంచులో ఒకే పువ్వు వరసగా వస్తుంటుంది కదా, ఆ వరసను నక్షత్రపు గుర్తులతో వేయించు. ఆ అంచు నేసే జకార్డు మగ్గం మీద అట్టలో రంధ్రమున్న చోట కొక్కెం పడుగు దారాన్ని పైకెత్తుతుంది, రంధ్రం లేనిచోట ఎత్తదు. ఆ అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ 19వ శతాబ్దంలో తన గణన యంత్రం నమూనాకు తీసుకున్నాడు. కంప్యూటర్ చరిత్రలో తన ఇంటి మగ్గానికీ చోటుందని నేతగాళ్ల బిడ్డకు నీ నోటి నుంచే తెలియాలి.

ఇంకొక్కటి. నెలలో ఉద్యోగం, రెండు నెలల్లో లక్షల జీతం అని వీడియో మీద ఎప్పుడూ రాయకు. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో రోబోలను చూసి ఆశపడే కుర్రవాళ్లు మన దగ్గర ఎందరో. రోజూ కొంత రాస్తూ ఉంటే ఏడాదికి చెయ్యి కుదురుతుందని ఉన్నమాట చెప్పు. ఆ మాట విన్న తల్లిదండ్రులు నిన్ను నమ్ముతారు.

కొత్త పాఠాన్ని అందరికీ పెట్టే ముందు మన వీధిలో కోడింగ్ తెలియని ఒక పిల్లను పిలిచి చూపించు. నువ్వు పక్కన కూర్చుని నోరు మెదపకుండా గమనించు. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ పాఠాన్ని మళ్లీ చెయ్యి. నీ కష్టం వృథా పోదు నాయనా, చల్లగా ఉండు.