అలుగు నీళ్లు, గండి నీళ్లు

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడించారు కాబట్టి, ఛాంపియన్ అయిన ఏడాది ఆ జట్టు సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 2023-24లో, అదే క్లబ్బు 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో ఊరే వదిలి, పేరు కూడా మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది.

ఈ కథను అభిమానులు ఒక్క వాక్యంలో చెప్తారు: "మన పిల్లల్ని పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోయాయి." లిస్టన్ కొలాసో, ఆశిష్ రాయ్ కలకత్తా వెళ్లారు. ఆకాశ్ మిశ్రా ముంబై వెళ్లాడు. కోచ్ మనోలో మార్కెజ్ గోవా వెళ్లాడు. ఇక్కడి మధ్యమైదానం నడిపిన హైదరాబాదీ కుర్రాడు మహమ్మద్ యాసిర్ కూడా ఆయన వెనకే వెళ్లాడు. మరోపక్క మోహన్ బగాన్ చెన్నై నుంచి అనిరుధ్ థాపాను, కేరళ నుంచి సహల్‌ను, ముంబై నుంచి అపుయాను తెచ్చుకుని, 2024లోనూ 2025లోనూ వరసగా లీగ్ షీల్డ్ గెలిచింది. అంతకుముందు ఏ క్లబ్బూ షీల్డ్‌ను నిలబెట్టుకోలేదు.

బలవంతుడు పక్కవాళ్ల ఆటగాళ్లను కొనుక్కుంటూ పోతే లీగ్ చెడిపోతుందా? చెడిపోతే, అది తప్పా, లేక ఆటలో భాగమా? మన్సూరాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియానికి పోవాలంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. మ్యాచ్ చూసి అంత దూరం తిరిగొచ్చే దారిలో మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. కాకపోతే మేం ఎప్పుడు మాట్లాడుకున్నా కోపం దగ్గరే ఆగిపోయేది.

ముందు ఆటగాడి వైపు నుంచి చూద్దాం. ఫుట్‌బాలర్ కెరీర్ పదీ పదిహేనేళ్లు. మోకాలు ఎప్పుడు మొండికేస్తుందో తెలీదు. ఎక్కువ జీతం, మెరుగైన కోచ్, నిండిన స్టేడియం ఇస్తామంటే "లీగ్ సమతూకం చెడుతుంది, నువ్వు ఇక్కడే ఉండు" అని చెప్పడానికి మనమెవరం? నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారతారు, దాన్నెవరూ ద్రోహమనరు. పైగా మారకుండా ఆపడం ఎలాంటి పనో మా రంగానికి బాగా తెలుసు. ఒకరి ఉద్యోగులకు ఒకరు వల వేయకూడదని పెద్ద కంపెనీలు లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాయని అమెరికాలో ఇంజనీర్లు కోర్టుకెళ్తే, ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ 2015లో 41.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. ఇంగ్లండ్‌లోనైతే కాంట్రాక్టు ముగిసిన ఆటగాడిని కూడా క్లబ్బు కట్టిపడేసే పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. జార్జ్ ఈస్థమ్ కేసులో 1963లో కోర్టు అది అన్యాయమని తేల్చింది. కాబట్టి "ఎవరినీ తీసుకోకండి" అనే పరిష్కారం చెల్లదు. దాని ఖరీదు కట్టేది ఆటగాడు.

మరి క్లబ్బు వైపు నుంచి? వ్యాపారంలో పోటీ మామూలే అంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపు ఎదుటి షాపులోని మంచి సేల్స్‌మన్‌ను జీతం పెంచి తెచ్చుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఎదుటి షాపు మూతపడినా ఈ షాపుకి లాభమే. కానీ ఫుట్‌బాల్ క్లబ్బు అమ్మేది మ్యాచ్. మ్యాచ్‌ను ఒక్క క్లబ్బు తయారు చెయ్యలేదు. వాల్టర్ నీల్ అనే ఆర్థికవేత్త 1964లో ఈ వింత గురించి రాశాడు. హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయీకి బాగా డబ్బు రావాలంటే ఎదురుగా మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టివాడు ఉండాలి. ఎదురుగా ఎవరూ మిగలకపోతే ఛాంపియన్ తన నీడతో గుద్దులాడుకోవాలి. మిగతా వ్యాపారాల్లో పోటీదారు పోతే పండగ, ఇక్కడ దుకాణం బంద్.

ఇంతవరకూ సిద్ధాంతం. మన చరిత్ర దీని గురించి ఏం చెప్తుందో చూద్దాం. ఎందుకంటే ఈ విషయంలో హైదరాబాద్‌కున్న అనుభవం దేశంలో చాలా తక్కువ ఊళ్లకుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58ల్లో హైదరాబాద్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో మనవాళ్లు చాలామంది. అదే సమయంలో కలకత్తా పెద్ద క్లబ్బుల చూపు దక్షిణం మీద ఉంది. అమ్ముగూడలో పుట్టిన తుల్సీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1966కల్లా ఆ తరంలోని మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్నారు. ఓడిపోయిన ఊరే, గెలిచిన ఊరి ఆటగాళ్లను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ మళ్లీ మన వైపు రాలేదు.

దీనివల్ల నష్టపోయిందెవరు? హబీబ్ నష్టపోలేదు. కలకత్తా ఆయన్ను 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడుతున్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. హైదరాబాద్‌లోనే ఉండిపోయుంటే ఆ రోజు ఆయన జీవితంలో వచ్చేది కాదు. బలరామ్ అయితే 2023లో చనిపోయేదాకా బెంగాల్‌లోనే, ఉత్తర్‌పారాలో ఉన్నాడు. కలకత్తా ప్రేక్షకుడూ నష్టపోలేదు. 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ సెమీఫైనల్‌కి సాల్ట్‌లేక్ స్టేడియానికి లక్షా ముప్పైవేల మందికి పైగా వచ్చారు. అంతమంది వచ్చే లీగ్ చెడిపోయిందని ఎలా అంటాం?

కానీ ఇంకో లెక్క ఉంది. 1958లో కలకత్తా లీగ్‌ను ఈస్టర్న్ రైల్వే గెలిచింది. పెద్ద క్లబ్బులు రమ్మన్నా వెళ్లని పి.కె. బెనర్జీ ఉన్న జట్టది. దాని తర్వాత మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ కాకుండా ఇంకో జట్టు ఆ లీగ్ గెలవడానికి 2019 దాకా, పీర్‌లెస్ గెలిచేదాకా, ఆగాల్సొచ్చింది. అరవై ఒక్క ఏళ్లు. డెర్బీ రోజున నేల ఈనినట్టు జనం. ఆ అరవై ఏళ్లలో మిగతా క్లబ్బుల పని ఆటగాళ్లను తయారుచేసి సాగనంపడమే. లీగ్ చచ్చిపోలేదు, నిజమే. అందులో ఉన్న మిగతా అందరికీ "మనమూ గెలవొచ్చు" అన్న ఆశ చచ్చిపోయింది.

ఇక్కడ మనవాళ్లను వెనకేసుకురావడం కూడా కుదరదు. రహీం గారి పోలీస్ జట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. గల్లీల్లో, చిన్న క్లబ్బుల్లో తేలిన కుర్రాళ్లను ఉద్యోగం అనే ఎరతో ఒక్కచోటికి చేర్చింది. ఊళ్లో మిగతా జట్లకు అదే మోహన్ బగాన్. పైగా 1963లో రహీం చనిపోయాక అలాంటి గురువు దొరక్కపోవడానికి కలకత్తాను నిందించలేం. అయితే అప్పట్లో ఒక తేడా ఉంది. ఒకణ్ని తీసుకుపోతే ఇంకొకణ్ని తయారుచేసే మనిషి ఇక్కడ ఉన్నాడు. బలరామ్ 1957లో వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఈ నేల సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే అదే కారణం.

నాకు అసలు గీత ఇక్కడే కనిపిస్తుంది. దాన్ని చెరువుల భాషలో చెప్పడం తేలిక. తెలంగాణలో చెరువుల్ని గొలుసుగా కట్టారు. పై చెరువు నిండాక అలుగు పారుతుంది, ఆ నీళ్లతో కింది చెరువు నిండుతుంది. కింది చెరువు నీళ్లు తీసుకోవడంలో తప్పేమీ లేదు, గొలుసు ఏర్పాటే అందుకు. కట్టకు గండి పడితే మాత్రం కథ వేరు. కింది చెరువుకి ఒక్కరోజులో బోలెడు నీళ్లు వస్తాయి, వచ్చే ఏడాది చుక్క రాదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో ఈ రెండూ ఉన్నాయి. గోవాలో పెద్దగా అవకాశాలు రాని లిస్టన్‌ను 2020లో తీసుకొచ్చి తీర్చిదిద్దింది ఈ క్లబ్బు. 2021లో మోహన్ బగాన్ అతన్ని కొనుక్కుంది, కోటి రూపాయలు ఇచ్చిందని పత్రికలు రాశాయి. అందరూ "పోయింది" అన్నారు. మరుసటి సీజన్‌లోనే హైదరాబాద్ ఛాంపియన్ అయింది. 2022లో ఆశిష్ రాయ్ కూడా అటే వెళ్లాడు. అయినా ఆ ఏడాది లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్లో లిస్టన్, ఆశిష్ ఉన్న జట్టు చేతిలోనే పెనాల్టీల్లో ఓడిపోయింది. బాధే, కానీ కట్ట చెక్కుచెదరలేదు. అది అలుగు.

2023 తర్వాత జరిగింది గండి. ఆ గండి కొట్టింది బయటివాళ్లు కారు. జీతాలు అందలేదు, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. ముంబై, గోవా, బెంగళూరు క్లబ్బులు ఆటగాళ్లను పట్టుకుపోయాయి. వాటిని దొంగలనలేం. జీతం రాని కుర్రాడికి తలుపు తెరిచినవాళ్లు వాళ్లు. కానీ ఒక సభ్యుడి కట్ట తెగుతుంటే మిగతావాళ్లు బిందెలు పట్టుకొస్తారు తప్ప ఇసుక బస్తా ఎవరూ తేరు. ఇలాంటి ఏర్పాటును లీగ్ అని ఎందుకు పిలవాలో నాకు అర్థం కాదు. 2025లో ఆ లీగే సమయానికి మొదలవలేక చతికిలపడింది.

జర్మనీలో బయర్న్ మ్యూనిక్‌ను అందరూ ఇదే విషయంలో తిడతారు. డార్ట్‌మండ్ నుంచి 2013లో గొట్సె, 2014లో లెవాండోస్కీ, 2016లో హుమెల్స్ అక్కడికి చేరారు. బయర్న్ 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండుసార్లు లీగ్ గెలిచింది. అదే బయర్న్, డార్ట్‌మండ్ దివాలా అంచున ఉన్న 2004లో 20 లక్షల యూరోలు అప్పిచ్చింది. అది దయ అనుకోనక్కర్లేదు, ఎదురుగా ఒక ష్మెలింగ్ ఉండాలన్న లెక్కే కావచ్చు. ఏదైతేనేం, కట్ట నిలబడింది. 2024లో లెవర్‌కూసెన్ ఒక్క మ్యాచ్ ఓడకుండా లీగ్ గెలిచినప్పుడు తెలిసింది, అక్కడ ఇంకా నీళ్లున్నాయని.

కాబట్టి పెద్ద క్లబ్బును నేను అడిగేవి మూడు ప్రశ్నలు. ఆడించడానికే తీసుకున్నావా, ఎదుటివాడికి దక్కకూడదని తీసుకున్నావా? మా కంపెనీల్లో బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం వస్తుంది, కొంత నేర్చుకోవచ్చు. ఫుట్‌బాలర్‌కు బెంచ్ మీద గడిచిన ఇరవై రెండో ఏడు తిరిగిరాదు. రెండోది, తయారుచేసినవాడికి ఏమన్నా చేరిందా? దేశాలు దాటే బదిలీల్లో, పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ల మధ్య ఆ కుర్రాడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ధరలో అయిదు శాతం పంచాలని ఫిఫా నియమం. కాంట్రాక్టు ముగిశాక ఊరికే వెళ్లిపోతే సున్నాలో అయిదు శాతం సున్నాయే. మూడోది, ఘనత ఎవరిదని చెప్తున్నావు? దిల్‌సుఖ్‌నగర్ హోర్డింగుల మీద ర్యాంకుల ఫొటోలు చూసేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ఎక్కడో చిన్న స్కూల్లో లెక్కలు నేర్చుకుని వచ్చిన పిల్లాణ్ని ఫీజు తగ్గించి చేర్చుకుని, ర్యాంకు మొత్తం మాదేనంటారు. పిల్లాడికి మేలే జరిగింది. ఆ లెక్కల మాస్టారి స్కూలుకి మాత్రం వచ్చే ఏడు అడ్మిషన్లు తగ్గుతాయి.

మరి ఐపీఎల్‌లా అందరికీ ఒకే సంచి ఇచ్చి వేలం పెడితే? 2025 వేలంలో ప్రతి జట్టుకూ 120 కోట్లే. సమతూకం వస్తుంది, కానీ ఏ ఊళ్లో ఆడాలో చెప్పే హక్కు ఆటగాడికి పోతుంది. క్లబ్బుల మధ్య న్యాయం కోసం మనిషి చేతులు కట్టేయడం నాకు సమ్మతం కాదు. ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లాలి, వెళ్లినచోటి నుంచి వెనక్కి డబ్బు రావాలి. దేశం లోపలి బదిలీల్లో, ఉచితంగా వెళ్లినా సరే, తయారుచేసిన క్లబ్బుకు, అకాడమీకి, బడికి వాటా కట్టి తీరాలన్న నియమం ఉండాలి. బలవంతుడి మంచితనం మీద ఆధారపడితే అది దానం, నియమం పెడితే అది బాకీ.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ హైదరాబాద్‌లోనే జరిగింది. 31న గచ్చిబౌలిలో కేరళను ఓడించి పశ్చిమ బెంగాల్ ముప్పై మూడోసారి గెలిచింది. వాళ్ల గెలుపు మీద నాకు ఏ కోపమూ లేదు. ఎల్బీనగర్ టర్ఫ్ గ్రౌండ్లలో సాయంత్రాలు మెస్సీ, రొనాల్డో జెర్సీలతో ఆడే పిల్లల్లో రేపు ఒక హబీబ్ ఉంటే అతనూ కలకత్తాకో ముంబైకో వెళ్లాలి, వెళ్లనివ్వాలి. అతను వెళ్లిన ఏడాది, అతనికి బంతి ఆపడం నేర్పిన కోచ్‌కు ఇంకో పదిమంది పిల్లలకు బూట్లు కొనేంత డబ్బు చేరిందా లేదా అన్నదాన్ని బట్టే ఆ లీగ్ బాగుందో లేదో చెప్పగలం. కప్పు ఎవరు ఎత్తారన్నది తర్వాతి మాట.