మిఠాయి తిన్న చేత్తో

2019 వేసవిలో మా వాడికి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చినప్పుడు ఒక మాట చెప్పాను. "ఎప్పుడైనా పోలీసులు పట్టుకెళ్తే మర్యాదగా ఉండు. లాయరు కావాలని అడుగు. ఆయన వచ్చేదాకా నోరు విప్పకు." 1966 నాటి మిరాండా తీర్పు పుణ్యమా అని, నిర్బంధంలో ప్రశ్నించే ముందు ఆ హక్కుల్ని ఇక్కడ పోలీసులే చెప్పాలి.

"తప్పు చేయకపోతే లాయరెందుకు నాన్నా?"

"తప్పు చేయనివాడికే ఎక్కువ అవసరంరా!"

ఆ డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ వారాంతం ప్లేనోలో మిత్రుడింట్లో మిఠాయి పంచితే నేనూ తిన్నాను. ఆడపిల్ల తండ్రిని కూడా కదా, అదే న్యాయమనిపించింది.

2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, ముగ్గురు మైనర్లనీ తేల్చింది. అంటే మా వాడి ఈడువాళ్ళే.

వాళ్ళు నిర్దోషులని నేననడం లేదు. అది తేల్చాల్సిన కోర్టుకు ఆ అవకాశమే లేకుండా పోయింది. కోరిన లాయరును పెట్టుకునే హక్కు మన రాజ్యాంగం 22వ అధికరణంలోనూ ఉంది. నా కొడుక్కి తప్పనిసరి అనుకున్న ఆ లాయరు, వాళ్ళ కొడుకులకు అక్కర్లేదని మిఠాయి తింటూ నేనే తీర్పిచ్చేశాను.