చిల్లర ఎవరిది?

చెల్లని నాణేలు మన మాటల్లో ఇంకా చెల్లుతూనే ఉన్నాయి. ముచ్చటైన అమ్మాయిని "పదహారణాల తెలుగు పిల్ల" అంటాం. పనికిరానివాణ్ణి "దమ్మిడీకి కొరగాడు" అని తీసిపారేస్తాం. నిండు రూపాయికి మర్యాద, చిల్లరకు చిన్నచూపు! చిల్లర లేకుండా రూపాయి నిండేదెలాగో చెప్పండి?

16వ శతాబ్దంలో షేర్షా కొట్టించిన వెండి రూపాయి ఎన్నో రూపాలు మారి మనదాకా వచ్చింది. మొన్నమొన్నటి దాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. బేడ, పావలా, అర్ధరూపాయి అంటూ సగంలో సగంగా సాగే లెక్క. బడి ముఖం చూడని అమ్మమ్మలు కూడా వేళ్ళమీద చెప్పేసేవారు.

1957 ఏప్రిల్ 1న నూరు నయాపైసల రూపాయి వచ్చింది. అణా అంటే ఆరుంపావు నయాపైసలు. మరి పావు పైసా నాణెం ఏదీ? అందుకని అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19 అని సర్దారు. పావలాకు మాత్రం 25 సరిగ్గా సరిపోయింది.

ఇక్కడే ఉంది తిరకాసు. అణాకో కట్ట చొప్పున 16 కట్టల ఆకుకూర 16 మందికి అమ్మిన మనిషి చేతికి 96 నయాపైసలే వస్తాయి. రూపాయికి 4 తక్కువ. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఆమె సొమ్ము పోయింది! కొన్నవాళ్ళలో ఏ ఒక్కరికీ పావు పైసా కంటే ఎక్కువ మిగల్లేదు కూడాను. ఇంత చిన్న అన్యాయాన్ని ఎవరు పట్టించుకుంటారు?

పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. సర్దుబాటు మాత్రం పోలేదు. పెద్ద షాపులో రావలసిన రూపాయి అడగడానికి మనకు నామోషీ. కూరల గంప దగ్గర అదే రూపాయి ఇవ్వడానికి మనసొప్పదు. "రూపాయే కదా, పోనిద్దూ!" అంటాం.

పోనివ్వడం మంచిగుణమే, కాదనను. కాని మన రూపాయిని మనం వదులుకుంటే అది ఉదారం. ఎదుటివాళ్ళ రూపాయిని మనమే వదిలేస్తే దాన్నేమనాలి? ఇప్పుడు ఫోనులో పైసలతో సహా పంపొచ్చు కాబట్టి, చిల్లర లేదన్న సాకు కూడా చాలాచోట్ల పోయింది. ఇక మిగిలింది మన మనసే. నాణెం చెల్లకపోవచ్చు గాని, బాకీ చెల్లకుండా పోతుందా?