సంగీతంలో ప్రతిభ, అభ్యాసం: ఒక పరిశీలన

సంగీతకళకు శాస్త్రశిక్షణ అనివార్యమా, సహజమైన కంఠమూ భావుకతా చాలునా అన్న ప్రశ్న భారతీయ లాక్షణికులకు కొత్తది కాదు. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు అభ్యాసం లేకున్నా రాగాన్ని అభివ్యక్తం చేయగల ధ్వనిశక్తిని ‘శారీరం’ అన్నాడు. శరీరంతోపాటు పుట్టినది కనుక దానికి ఆ పేరు వచ్చింది. ‘సంగీతరత్నాకరం’లోనే ఆయన గాయకులను శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు అని ఐదు విధాలుగా విభజించాడు. లోపం లేకుండా బోధించగలవాడు శిక్షాకారుడు; గీతానికి అతిశయం కల్పించేవాడు భావుకుడు. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పడంలోనే విద్వత్తూ కళా ఒకటి కావన్న అంగీకారం ఉంది.

కావ్యహేతు చర్చ ఈ ప్రశ్నను మరింత స్పష్టం చేస్తుంది. శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువని మమ్మటుడు భావించాడు. 17వ శతాబ్దిలో తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు కేవల ప్రతిభయే కారణమని వాదించాడు. అయితే ఆ ప్రతిభకు ఒకచోట అదృష్టం, మరొకచోట వ్యుత్పత్త్యభ్యాసాలు మూలమని ‘రసగంగాధరం’లో వివరించాడు. ఈ సూత్రాన్ని సంగీతానికి అన్వయిస్తే, అభ్యాసం నేరుగా కళను సృష్టించదు. కళను సృష్టించగల ప్రతిభను మేల్కొల్పుతుంది.

ఇక్కడ ‘అభ్యాసం’ అన్న మాటకు అర్థమేమిటన్నది కీలకం. తెలంగాణలోని ఒగ్గుకథకుడు సరళివరుసలు, జంటవరుసలు, అలంకారాలు నేర్చి ఉండకపోవచ్చు. కానీ డోలు, తాళాల నడక చెడకుండా వచనం నుంచి పాటకూ, పాట నుంచి వచనానికీ సాగుతూ మల్లన్న, బీరప్ప కథలను గంటల తరబడి నడిపిస్తాడు. పెద్దల వెంట తిరిగి, వంత పాడి, తప్పులు దిద్దించుకొని సంపాదించిన నేర్పది. అతనిని ‘శిక్షణ లేని కళాకారుడు’ అని ప్రశంసించడం కూడా ఒక అన్యాయమే. ఏళ్ల తరబడి చేసిన శ్రమను ఆ ప్రశంస పుట్టుకతో వచ్చిన వరంగా మార్చివేస్తుంది. లిఖిత పాఠ్యప్రణాళిక లేకపోవడం శిక్షణ లేకపోవడం కాదు.

అంతమాత్రాన భావముంటే చాలునన్న వాదం నిలవదు. తోడిలో గాంధారానికి తగిన గమకం పలకనిదే రాగస్వరూపం వ్యక్తం కాదు. ఎంతటి ఆర్తి అయినా ఆ లోటును పూరించలేదు. తోడిని విస్తరించగల విద్వాంసుడు ఆ విద్యతోనే ఒగ్గుకథను నడపలేడన్నదీ అంతే నిజం. ఏ కళారూపానికి కావలసిన నేర్పును ఆ రూపమే నిర్ణయిస్తుంది. భక్తి లేని సంగీతజ్ఞానాన్ని సన్మార్గంగా అంగీకరించని త్యాగరాజు కూడా శొంఠి వెంకటరమణయ్య వద్ద విద్య నేర్చినవాడే. ఆయన నిరాకరించినది జ్ఞానాన్ని కాదు, జ్ఞానం తనకు తానే గమ్యం కావడాన్ని.

కనుక కళకు సాధన అవసరం. ఆ సాధన ఒకే విద్యాలయంలో, ఒకే పద్ధతిలో జరగాలన్న నియమం అవసరం లేదు. యోగ్యతాపత్రం ఒక మార్గంలో నడిచినట్లు తెలుపగలదు. గాయకుడు గమ్యం చేరాడో లేదో తెలిపేది గానమే.